హవాయిలో పిల్లలకు ఏ బడి? ఊరి బడి, హవాయి మాధ్యమం, మూలవాసుల చార్టర్ బడి: ఒక పోలిక

హవాయికి ఉద్యోగం మీద వచ్చిన తెలుగు కుటుంబం ఇల్లు కుదరగానే బడి కోసం వెతుకుతుంది. అమెరికా ప్రధాన భూభాగం నుంచి వచ్చినవారైతే అక్కడి అలవాటు కొద్దీ "మంచి చార్టర్ బడి ఏది?" అని అడుగుతారు. చార్టర్ (ప్రభుత్వ డబ్బుతో, సొంత పాలకమండలితో నడిచే బడి) అంటే లెక్కలూ సైన్సూ గట్టిగా చెప్పే చోటనే అభిప్రాయం మనవాళ్లలో బలంగా ఉంది. ఇక్కడి జాబితా తెరిచి చూస్తే దాదాపు సగం బడులు హవాయి మూలవాసుల భాషనో, సంస్కృతినో పునాదిగా పెట్టుకున్నవి. పొద్దున పిల్లలు వరుసగా నిలబడి మంత్రంలా ఏదో పాడుతుంటారు, మధ్యాహ్నం మోకాలి లోతు బురదలో ఉంటారు. అది చూసిన తల్లిదండ్రులు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు వెంటనే ఆ పేజీ మూసేస్తారు. కొందరు మురిసిపోయి, మరేమీ అడగకుండా దరఖాస్తు పెట్టేస్తారు. రెండూ తొందరపాటే.

నా మాట ముందే చెబుతాను. ఈ బడులు పిల్లను ఒక్కదాన్నే చేర్చుకోవు, ఇంటిని మొత్తం చేర్చుకుంటాయి. ఎంపిక చేసేటప్పుడు పిల్ల తెలివితేటలకంటే ముందు మీ ఇంటి తీరికను, మీరు ఈ దీవిలో ఎంతకాలం ఉంటారన్న దాన్ని లెక్క వేసుకోవాలి.

ఈ బడులు ఎందుకు పుట్టాయి

ఇది తెలియకుండా పోలిక చేస్తే అన్యాయం అవుతుంది. 19వ శతాబ్దంలో హవాయి చదువుకున్న దేశం. 1834 నుంచి 1948 వరకు హవాయి భాషలో వందకు పైగా పత్రికలు వచ్చాయి. 1893లో అమెరికన్ వ్యాపారుల బృందం రాణిని గద్దె దించింది. 1896లో వచ్చిన చట్టం బడుల్లో ఇంగ్లీషునే బోధన భాషగా చేసింది. రెండు తరాలు గడిచేసరికి తాతల భాష మనవలకు అందకుండా పోయింది. 1980ల మొదట్లో లెక్క చూస్తే, ఆ భాష ధారాళంగా మాట్లాడే 18 ఏళ్లలోపు పిల్లలు 50 మంది కూడా లేరు. ఉన్నవారిలో ఎక్కువమంది నిఇహౌ అనే చిన్న దీవి వాళ్లు.

1978 రాజ్యాంగ సవరణ హవాయి భాషకు ఇంగ్లీషుతో పాటు అధికార హోదా ఇచ్చింది. అయినా బడి తలుపు తెరుచుకోలేదు. 1983లో కొందరు ఉపాధ్యాయులు కలిసి పూనానా లేయో అనే సంస్థ పెట్టారు. న్యూజిలాండ్ మావోరీలు నడిపిన పసిపిల్లల బడులు వాళ్లకు దారి చూపాయి. 1984లో కవాయి దీవిలో మొదటి బాలబడి మొదలైంది. అప్పటికి హవాయి మాధ్యమానికి అడ్డుగా ఉన్న చట్టం ఇంకా అలాగే ఉంది. తల్లిదండ్రులు శాసనసభ చుట్టూ తిరిగితే 1986లో ఆ అడ్డు తొలగింది. 1987లో ప్రభుత్వ బడుల్లో హవాయి మాధ్యమ తరగతులు వచ్చాయి. 1999లో రాష్ట్ర చార్టర్ చట్టం విస్తరించాక, మూలవాసులు తమ బడులను తామే నడుపుకునే వీలు కలిగింది. అంటే ఇక్కడ చట్టం తల్లిదండ్రుల వెనక నడిచింది. అందుకే నేటికీ ఈ బడులు తల్లిదండ్రులను ప్రేక్షకులుగా ఉండనివ్వవు.

ఏం చూసి తేల్చుకోవాలి

మొదటిది, పాఠం ఏ భాషలో? సంస్కృతి నేర్పడం వేరు, ఆ భాషలోనే లెక్కలు చెప్పడం వేరు. ఈ తేడా గమనించకుండా దరఖాస్తు పెట్టినవాళ్లను నేను చూశాను.

రెండోది, ఇంటి నుంచి ఎంత సమయం అడుగుతారు? చామ మడిలో పనికి, భాషా తరగతికి, పండుగ ఏర్పాట్లకు తల్లిదండ్రులు రావాలి.

మూడోది, మీరు ఎన్నేళ్లుంటారు? రెండేళ్ల కాంట్రాక్టుకు వచ్చినవారికీ, ఇల్లు కొనుక్కున్నవారికీ ఒకే సలహా చెప్పలేం.

దూరం, బస్సు, తరగతి గదులు, పై చదువులకు దారి కూడా ముఖ్యమే. కానీ పై మూడూ తేలితే సగం జాబితా దానంతటదే తగ్గిపోతుంది.

ఊరి ప్రభుత్వ బడి

హవాయి రాష్ట్రమంతటికీ ఒకే విద్యాశాఖ ఉంది. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇలా లేదు. మీ ఇంటి చిరునామాను బట్టి బడి ఖాయమవుతుంది, సీటు కోసం లాటరీ ఉండదు. బోధన ఇంగ్లీషులో. హవాయి చరిత్ర, సంస్కృతి ఇక్కడా పాఠ్యాంశాలే. అవి రాజ్యాంగం పెట్టిన బాధ్యత. పెద్దలు వచ్చి పాటలు, నాట్యం, చేతిపనులు నేర్పే ఏర్పాటు చాలా బడుల్లో ఉంది. అయితే అది వారంలో కొంత సమయమే.

కొద్దికాలం ఉండేవారికి, మళ్లీ ఇండియాకో ప్రధాన భూభాగానికో వెళ్లేవారికి ఇదే సుఖం. దీన్ని తక్కువగా చూడవద్దు. పక్కింటి పిల్లలతో కలిసి నడిచి వెళ్లే బడికి ఉన్న విలువ వేరే.

కైయాపుని: ప్రభుత్వ బడిలోనే హవాయి మాధ్యమం

కొన్ని ప్రభుత్వ బడుల్లో ఒక విభాగంగా ఇవి నడుస్తాయి. హొనొలులు పాలోలో లోయలో ఉన్న ఆనువెనువె లాంటి చోట బడి మొత్తం హవాయి మాధ్యమమే. ఒకటో తరగతిలో చదవడం, కూడడం, తీసివేయడం అన్నీ హవాయిలోనే. ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా ఐదో తరగతిలో మొదలవుతుంది. పరీక్షలు కూడా హవాయి భాషలో రాసేలా రాష్ట్రం ఏర్పాటు చేసింది.

ఇంగ్లీషు ఐదో తరగతిలోనా అని మనవాళ్లు ఉలిక్కిపడతారు. భయం అవసరం లేదు. ఇక్కడ వీధి, దుకాణం, టీవీ, ఫోను అన్నీ ఇంగ్లీషే. పిల్లలు దాన్ని ఎవరూ నేర్పకుండానే పట్టేస్తారు. నిజమైన చిక్కు ఉపాధ్యాయుల కొరత. లానాయి దీవిలో హవాయి మాధ్యమ ఉపాధ్యాయులు దొరకడం లేదని తరగతి నడపకపోతే ఒక కుటుంబం కోర్టుకు వెళ్లింది. ఆ మాధ్యమం అందుబాటులో ఉంచేందుకు సాధ్యమైన ప్రయత్నాలన్నీ చేయడం ప్రభుత్వ బాధ్యత అని 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చినంత మాత్రాన ఉపాధ్యాయులు పుట్టుకురారు కాబట్టి, మీ ఊళ్లో పై తరగతుల దాకా ఉందో లేదో ముందే కనుక్కోండి.

సంస్కృతి పునాదిగా నడిచే చార్టర్ బడి

ఈ వ్యాసం ముఖ్యంగా దీని గురించే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

చార్టర్ బడి ప్రైవేటు కాదు. ప్రభుత్వ డబ్బుతో నడుస్తుంది, ఫీజు ఉండదు, ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. తేడా అంతా పాలనలో ఉంది. బడికి సొంత పాలకమండలి ఉంటుంది. రాష్ట్ర చార్టర్ కమిషన్‌తో ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందం ప్రకారం నడవకపోతే బడి మూతపడవచ్చు. ఆ స్వేచ్ఛకు వెల అది.

పెద్ద దీవి అని పిలిచే హవాయి దీవిలో వైమేయా ఊళ్లోని కను ఓ కా ఆయినా 2000లో మొదలైంది. హవాయి మూలవాసుల విద్యావేత్త కూ కహకలావ్ దాని వెనక ఉన్న ముఖ్యమైన వ్యక్తి. పేరుకు అర్థం 'ఈ నేలలో నాటినవి'. నేలను ఎన్నో తరాలుగా నమ్ముకున్నవాళ్లను హవాయిలో ఆ మాటతో పిలుస్తారు, చామమొక్కతో పోలుస్తారు. హొనొలులు మాకీకి లోయలోని హాలావ్ కూ మానా కూడా ఆ తొలి ఏళ్లలో పుట్టినదే. ఇలాంటి చోట్ల పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, హవాయి భాషను తప్పనిసరిగా నేర్పుతారు.

మరి బురద ఎందుకు? చామదుంపను అక్కడ కలో అంటారు. హవాయి పురాణంలో ఆకాశ తండ్రి వాకేయాకు పుట్టి చనిపోయిన బిడ్డను పాతిపెట్టిన చోట చామమొక్క మొలిచింది. తరువాత పుట్టిన బిడ్డ మనుషులకు మూలపురుషుడు. అంటే చామమొక్క మనిషికి అన్న. తమ్ముడు అన్నను సాకాలి, అన్న తమ్ముడికి తిండి పెడతాడు. నీటి మడిలో చామ నాటే పిల్లలు ఈ బంధుత్వాన్నే చేతులతో నేర్చుకుంటారు. దానితోపాటే కాలువ వాలు, నీటి ప్రవాహం, నేల రసాయనం, దిగుబడి లెక్కలు. నేను మొదటిసారి ఆ మడిలో దిగినప్పుడు కాలివేళ్ల మధ్య పైకి వచ్చిన బురద మా ఊరి వరిమడిదే అనిపించింది. కాలువ నుంచి మడికి, పై మడి నుంచి కింది మడికి నీరు మళ్లించే పద్ధతి చూస్తే గోదావరి రైతు ఎవరూ కొత్తగా అడగవలసింది ఉండదు.

పడవ కూడా ఇలాగే పాఠమవుతుంది. 1976లో హోకులేయా అనే జంట పడవ ఏ పరికరమూ లేకుండా, మావ్ పియైలుగ్ అనే మైక్రోనీషియా నావికుడి మార్గదర్శకత్వంలో తాహితీ చేరింది. ఆ తరువాత హవాయి నావికుడు నైనోవా థాంప్సన్ రూపొందించిన నక్షత్ర దిక్సూచిలో క్షితిజం 32 ఇళ్లుగా ఉంటుంది. ఒక్కో ఇల్లు 11.25 డిగ్రీలు. కోణాలు నేర్పడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు తెలియదు.

ఇక పంచాంగం. హవాయి నెలలో 30 రాత్రులకూ పేర్లున్నాయి. ఏ రాత్రి నాటాలి, ఏ రాత్రి వల వేయాలి అన్నది వాటిని బట్టి చూస్తారు. తిథులు చూసి పని మొదలుపెట్టే అమ్మమ్మ మీ ఇంట్లో ఉంటే, మనవడి హోంవర్కు ముందుగా ఆమెకే అర్థమవుతుంది.

ఇప్పుడు కష్టాలు. చార్టర్ బడులకు కట్టడాల కోసం ప్రభుత్వం ఇచ్చేది చాలా తక్కువ. అద్దె స్థలాలు, గుడారాలు, తాత్కాలిక గదులు మామూలు. పెద్ద దీవి పునా ప్రాంతంలోని కువా ఓ కా లా బడి ప్రాంగణాన్ని 2018లో కిలావేయా అగ్నిపర్వతం లావా ముంచేసింది. బడి వేరే చోట్లకు మారి కొనసాగింది. బస్సు చాలాచోట్ల ఉండదు, మీరే దింపాలి. బడి చిన్నది కావడంతో పై తరగతుల్లో కాలిక్యులస్, ఫిజిక్స్ లాంటివి పరిమితంగా ఉండవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో చదివే ఏర్పాటు ఉందా అని అడగండి. రాష్ట్ర పరీక్షల్లో ఈ బడులు చాలావాటి సగటు రాష్ట్ర సగటుకంటే తక్కువ. దాన్ని దాచి సలహా చెప్పడం తప్పు. పేదరికం ఎక్కువగా ఉన్న చోట్ల, ఇతర బడుల్లో ఇమడలేని పిల్లలను చేర్చుకునే బడులివి అన్నదీ అంతే నిజం. సగటు చూసి ఆగిపోకండి. చేరినప్పటి నుంచి పిల్లలు ఎంత ఎదిగారో చూపించమని అడగండి.

పూర్తి హవాయి మాధ్యమ చార్టర్ బడి

హిలో దగ్గర కేఆఉలోని నావహీ బడి ఇందులో ప్రసిద్ధి. అక్కడ బాలబడి నుంచి పన్నెండో తరగతి దాకా హవాయిలోనే చదవవచ్చు, ఆవరణలో మాట్లాడేదీ హవాయే. హిలో విశ్వవిద్యాలయంలోని హవాయి భాషా కళాశాలకు ఇది ప్రయోగశాల బడి, అంటే బోధనా పద్ధతులను ప్రయోగించి చూసే బడి. జపనీస్, లాటిన్ కూడా నేర్పిన బడి ఇది. కాబట్టి లోకం నుంచి పిల్లలను దాచిపెట్టే చోటని అనుకోవద్దు. కవాయిలోని కెకాహాలో నిఇహౌ కుటుంబాల కోసం నడిచే బడుల సంగతి వేరు. అక్కడి పిల్లలకు హవాయి నిజంగా అమ్మభాష.

ఈ దారిలో తల్లిదండ్రులూ భాష నేర్చుకోవాలి. బాలబడి నుంచే వారం వారం భాషా తరగతి, నెలకు కొన్ని గంటల శ్రమదానం ఉంటాయి.

తెలుగు ఇంటికి ఇక్కడ ఒక చిన్న అదృష్టం ఉంది. హవాయి మాటలన్నీ అచ్చులతో ముగుస్తాయి, మన అజంత భాషలాగే. హ్రస్వం దీర్ఘం మారితే అర్థం మారుతుంది. 'కల' అంటే విడిపించడం, 'కాలా' అంటే డబ్బు. అక్షరాలు 13 మాత్రమే. తెలుగు పలికే నోటికి ఈ భాష తేలికగా అలవాటవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో హవాయి, వీధిలో ఇంగ్లీషు. పిల్లలు మూడూ మోయగలరు, ఇంట్లో మీరు తెలుగు వదలకపోతే. బడి హవాయిలో, ఇల్లు ఇంగ్లీషులో నడిస్తే పోయేది తెలుగే.

కమేహమేహ బడుల మాట

ఇవి ప్రైవేటు. రాకుమారి బెర్నీస్ పవాహీ బిషప్ వీలునామాతో 1887లో మొదలయ్యాయి. ప్రవేశంలో హవాయి మూలవాసుల సంతతికి ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి మన పిల్లలకు ఇది దారి కాదు. చాలా చార్టర్ బడులకు వెనకనుంచి డబ్బు సాయం చేసేది కూడా ఈ సంస్థే.

ఒక చూపులో

| చూడవలసినది | ఊరి బడి | కైయాపుని | సంస్కృతి చార్టర్ | హవాయి మాధ్యమ చార్టర్ |
|---|---|---|---|---|
| బోధన భాష | ఇంగ్లీషు | హవాయి, ఐదు నుంచి ఇంగ్లీషు కూడా | ఎక్కువగా ఇంగ్లీషు, హవాయి తప్పనిసరి | హవాయి |
| సీటు | చిరునామాను బట్టి | దరఖాస్తు, చోటును బట్టి | దరఖాస్తు, అవసరమైతే లాటరీ | దరఖాస్తు, భాషలో ముందు పరిచయం ఉంటే మేలు |
| ఇంటి సమయం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | చాలా ఎక్కువ |
| మధ్యలో వచ్చి చేరడం | సులభం | కష్టం | వీలవుతుంది | చాలా కష్టం |
| ఫీజు | లేదు | లేదు | లేదు | లేదు |

మీరు ఎలాంటివారు?

రెండు మూడేళ్లకు వచ్చినవారైతే ఊరి బడిలో చేర్చండి. హవాయి మాధ్యమం సీటు అడగవద్దని గట్టిగా చెబుతాను. ఒకప్పుడు 50 మంది పిల్లలు కూడా మాట్లాడని భాషను బతికించడానికి పెట్టిన తరగతి అది. ఉపాధ్యాయులు తక్కువ, సీట్లు తక్కువ. భాష పట్టుబడేలోపే మీరు వెళ్లిపోతారు. ఆ సీటు కోసం ఎదురుచూసిన కుటుంబానికి అది తమ అమ్మమ్మ మాట.

ఇక్కడే స్థిరపడదామనుకుని, పిల్లలకు ఇంకా నాలుగైదేళ్లే అయితే, వారంలో ఒక సాయంత్రం భాషకు ఇవ్వగలిగితే, కైయాపునినైనా హవాయి మాధ్యమ చార్టర్‌నైనా ధైర్యంగా చూడండి. హవాయి మూలవాసులు కాని కుటుంబాలూ ఈ బడుల్లో ఉన్నాయి. బాధ్యత పంచుకునేవారిని వాళ్లు పరాయివారిగా చూడరు. బాధ్యతకు వాళ్ల మాట కులేయానా. అది హక్కు కూడా. ఒకటి లేకుండా మరొకటి రాదు.

బల్ల ముందు గంటలకొద్దీ కూర్చోలేని, చేతులతో పని చేస్తే వెలిగే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, ఏ తరగతిలో ఉన్నా సంస్కృతి చార్టర్ బడిని ఒకసారి చూపించండి. పెద్ద తరగతిలో చేరినా ఇబ్బంది తక్కువ. ఇంజినీరింగే లక్ష్యమని ఇప్పటికే నిశ్చయించుకున్న పదో తరగతి పిల్లకైతే పెద్ద ప్రభుత్వ హైస్కూలు మంచిది.

ఇద్దరూ రాత్రి షిఫ్టులు చేసే ఇల్లయితే చార్టర్ వద్దు. రాలేకపోయిన ప్రతి శనివారం పిల్ల ముఖం చిన్నబోతుంది.

ఇది చదివేవారిలో అల్లూరి సీతారామరాజు జిల్లాలోనో, ఆదిలాబాద్‌లోనో ఆదివాసీ పిల్లల బడులతో పనిచేసేవారు ఉండవచ్చు. వాళ్లకు ఒక మాట. సవర, కోయ, గోండి మాట్లాడే పిల్లకు మన తెలుగు మాధ్యమం కూడా పరాయి మాధ్యమమే. హవాయి నుంచి తీసుకోవలసింది చామ మడిని కాదు, క్రమాన్ని. ముందు బాలబడి, అందులో తల్లిదండ్రుల భాగస్వామ్యం, తరువాత పై తరగతులు, దానికి సమాంతరంగా ఉపాధ్యాయుల శిక్షణ.

దరఖాస్తుకు ముందు

కిండర్‌గార్టెన్‌కు జులై 31 నాటికి ఐదేళ్లు నిండాలి. చార్టర్ బడుల దరఖాస్తు గడువులు బడికొక తీరు, విద్యాశాఖ గడువులతో కలవవు. విడిగా అడిగి రాసుకోండి.

ప్రాంగణం చూపించే రోజు కాకుండా శ్రమదానం రోజున వెళ్లండి. గేటు దగ్గర ఆగండి. అతిథులు లోపలికి రావడానికి అనుమతి కోరుతూ పాడటం, లోపలివారు జవాబుగా పాడి పిలవడం అక్కడి మర్యాద. మీకు పాట రాదని ఎవరూ తప్పు పట్టరు, తోసుకుని లోపలికి వెళ్తే మాత్రం తప్పు పడతారు. పాత బట్టలు, మార్చుకోవడానికి మరో జత తీసుకువెళ్లండి. పిల్లలను కూడా మడిలో దింపండి. పని అయ్యాక అందరూ కలిసి తింటారు. అక్కడ కూర్చున్న తల్లిదండ్రులను మూడే అడగండి: నెలకు మీ నుంచి నిజంగా ఎన్ని గంటలు పోతాయి? గత రెండేళ్లలో ఎంతమంది ఉపాధ్యాయులు మారారు? మీ పెద్ద పిల్లలు ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారు?

తిరుగు దారిలో కారు వెనక సీటులో పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. మర్నాడు దరఖాస్తు నింపండి, లేదా ఊరి బడికి చిరునామా రుజువు పట్టుకుని వెళ్లండి.